పరిమళాల చరిత్ర – 9వ భాగం: ద్వీపం పేరు, ఓక్ చెట్టు వాసన

1917 నాటికి ఫ్రాన్సు మూడేళ్ల యుద్ధంలో నలిగిపోయి ఉంది. ముందటి ఏడాది వెర్దన్ దగ్గర లక్షల మంది చనిపోయారు, గాయపడ్డారు. ఆ వసంతంలో కొన్ని పటాలాలు ఇక ముందుకు కదలబోమని తిరగబడ్డాయి. సరిగ్గా ఆ ఏడాదే పారిస్‌లో ఫ్రాన్స్వా కోటీ అనే వ్యాపారి కొత్త సెంటు ఒకటి అమ్మకానికి పెట్టాడు. దాని పేరు ‘షీప్ర్’. ఫ్రెంచివాళ్లు సైప్రస్ ద్వీపాన్ని పిలిచే పేరే అది. కోటీ చేసిన ఆ సెంటు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. పేరు మాత్రం ఒక వంశానికి ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఫ్రెంచి పరిమళకారుల సంఘం సెంట్లను ఏడు కుటుంబాలుగా విడదీసినప్పుడు షీప్ర్‌కు అందులో సొంత గడి దక్కింది.

గత భాగంలో చూసిన ఫూజేర్ కుటుంబానికి ఒక లావెండర్ తోట, ఒక క్షౌరశాల గుర్తుకొస్తాయి. వాసన చూడగానే ఎవరైనా పోల్చుకుంటారు. షీప్ర్ అలా పట్టుబడదు. ఇది ఒక పువ్వు వాసన కాదు, ఒక చెక్క వాసన కాదు. కొన్ని వాసనలను ఒక వరసలో, ఒక తూకంలో నిలబెడితే పుట్టే వాసన. పద్యానికి ఛందస్సు ఎలాంటిదో పరిమళానికి షీప్ర్ అలాంటిది. కవి ఏ మాటలైనా వాడుకోవచ్చు, గణాలు మాత్రం కుదరాలి.

ఆ గణాలు మూడు. పైన బెర్గమోట్. ఇటలీ దక్షిణపు కొసన కలాబ్రియా తీరంలో పండే నిమ్మజాతి కాయ అది. ఎర్ల్ గ్రే టీకి వాసన ఇచ్చేది దాని తొక్కలోని నూనే. పుల్లగా, చల్లగా ముక్కుకు తగిలి అరగంటలో ఎగిరిపోతుంది. అడుగున ఓక్‌మాస్. చేదుగా, తడిమట్టిలా, వానకు నానిన చెట్టు బెరడులా ఉంటుంది. కాగితపు పట్టీ మీద ఒక చుక్క వేస్తే రోజుల తరబడి పోదు. ఈ రెండింటినీ కలిపి ఉంచేది లాబ్డనమ్ అనే జిగురు. తీపిగా, వెచ్చగా, కాస్త తోలు వాసనతో ఉంటుంది. నడుమ గులాబీ, జాజి. గ్రాస్ పట్టణం చుట్టూ సెంట్ల కోసం పెంచే పువ్వు మన జాజి జాతిదే. వీటికి తోడు పచౌలి ఆకు నూనె, వట్టివేరు నూనె. ఆనాటి అలవాటు ప్రకారం పునుగు, కస్తూరి కొద్దికొద్దిగా.

పైనున్న పులుపుకూ అడుగునున్న చేదుకూ మధ్య జరిగే లాగులాటే షీప్ర్. పులుపు వెళ్లిపోతూ ఉంటుంది, చేదు పైకి వస్తూ ఉంటుంది, ఆ రెంటి మధ్య పూలు రంగు మారుతూ ఉంటాయి. పొద్దున పూసుకున్న మనిషి మధ్యాహ్నానికి వేరే సెంటు పూసుకున్నట్టు అనిపిస్తుంది. తీపి సెంట్లకు అలవాటైన ముక్కు మొదట దీన్ని ఒప్పుకోదు. ఒప్పుకున్నాక వదలదు.

ద్వీపం పేరు దీనికి ఎందుకు వచ్చింది? లాబ్డనమ్ కారే సిస్టస్ పొదలు క్రీట్, సైప్రస్ కొండల మీద సొంతంగా పెరుగుతాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వాటి ఆకులు జిగురు కార్చి మెరుస్తాయి. మేకలు ఆ పొదల్లో మేసి వస్తే గడ్డాలకు జిగురు అంటుకునేది. కాపరులు దాన్ని దువ్వి తీసేవారు. మేకపోతుల గడ్డాల్లో దొరికే ఈ సుగంధం గురించి హెరోడోటస్ క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే రాశాడు. అంత పరిమళించే వస్తువు అంత కంపు కొట్టే చోట దొరకడం ఆయనను ఆశ్చర్యపరిచింది. తరవాత మేకల పని మనుషులు అందుకున్నారు. పొడవాటి తోలు పట్టీలు కట్టిన దంతెను పొదల మీద ఈడ్చి, పట్టీలకు అంటుకున్న జిగురును గీకి తీసేవారు. క్రీట్‌లోని సీసెస్ గ్రామంలో ఈ పని ఇంకా పూర్తిగా అంతరించలేదు. సెంట్ల పరిశ్రమకు వెళ్లే సరుకులో ఎక్కువ భాగం మాత్రం స్పెయిన్ నుంచి వస్తుంది. అక్కడ కొమ్మలను సోడా నీళ్లలో మరిగించి జిగురు తీస్తారు.

సైప్రస్‌కు పరిమళాల పేరు మేకల కాలం కంటే పాతది కావచ్చు. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో మరియా రోసారియా బెల్జోర్నో నాయకత్వంలోని ఇటలీ పురావస్తు బృందం ఆ ద్వీపంలోని పిర్గోస్ దగ్గర సుమారు 4000 ఏళ్ల నాటి సుగంధాల కార్ఖానాను తవ్వి తీసింది. భూకంపానికి కూలిన కట్టడంలో జాడీలు, గరాటులు, కలిపే గిన్నెలు బయటపడ్డాయి. ఆలివ్ నూనెలో ఆకులను, మూలికలను నానబెట్టి పరిమళ తైలాలు చేసేవారని తేలింది.

1191లో ఇంగ్లండు రాజు రిచర్డ్ క్రూసేడుకు వెళుతూ సైప్రస్‌ను గెలుచుకున్నాడు. ఏడాది తిరక్కుండా అది ఫ్రెంచి లూసిన్యాన్ వంశం చేతికి వచ్చి, 1489లో వెనిస్ పరమయ్యే దాకా వాళ్ల ఏలుబడిలోనే ఉంది. తూర్పు దేశాల సుగంధ ద్రవ్యాలు పడమరకు పోయే దారిలో ఆ ద్వీపం ఒక మజిలీ. దాని పేరు పెట్టుకున్న సువాసన సరుకులు మధ్యయుగపు యూరప్ ఇళ్లలోకి చేరాయి. వాటిలో ముచ్చటైనవి ‘సైప్రస్ పిట్టలు’. లాబ్డనమ్, స్టోరాక్స్ వంటి జిగురులను ముద్దచేసి, చిన్న పిట్ట ఆకారంలో మలిచి, గదిలో ధూపంగా వెలిగించేవారు. ఆ తరవాత విగ్గుల కాలం వచ్చింది. అప్పుడు ‘సైప్రస్ పొడి’ అమ్మారు. ఓక్ చెట్ల మీది ఓక్‌మాస్‌ను ఎండబెట్టి, దంచి, సుగంధాలు పట్టించిన పొడి అది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పిట్టల్లో లాబ్డనమ్, పొడిలో ఓక్‌మాస్. రెండు వేరు వేరు సరుకులు ఒకే ద్వీపం పేరు పెట్టుకుని శతాబ్దాల పాటు వేరు వేరుగానే తిరిగాయి. 19వ శతాబ్దంలో పారిస్ దుకాణాలు చాలా ఏదో ఒక షీప్ర్ అమ్మేవి. గెర్లాన్ సంస్థ 1909లోనే ‘షీప్ర్ ద పారీ’ తెచ్చింది. కనుక కోటీ ఈ పేరుకు మొదటివాడు కాడు. పిట్టనూ పొడినీ పక్కపక్కన పెట్టి, పైన బెర్గమోట్ వెలుగు పరిచి, ఆ కలయికను అందరూ అనుకరించేటంత బలంగా నిలబెట్టింది మాత్రం ఆయనే.

కోటీ అసలు పేరు జోసెఫ్ మరీ ఫ్రాన్స్వా స్పొతూర్నో. 1874లో కోర్సికా ద్వీపంలోని అజాక్సియోలో, నెపోలియన్ పుట్టిన ఊళ్లోనే పుట్టాడు. తల్లి పుట్టింటి పేరు కోటి. దాన్ని కొద్దిగా మార్చి తన వ్యాపారానికి పెట్టుకున్నాడు. పారిస్‌లో ఒక మందుల దుకాణం నడిపే స్నేహితుడి దగ్గర కొలోన్ కలపడం చూసి తనకు ఈ ముక్కు ఉందని గ్రహించాడట. వెంటనే గ్రాస్ వెళ్లి, షిరీస్ సంస్థలో సరుకుల గుణాలు నేర్చుకున్నాడు. 1904లో ‘లా రోజ్ జాక్మినో’తో డబ్బు, 1905లో ‘లోరిగాన్’తో కీర్తి వచ్చాయి. గాజు శిల్పి రెనే లాలీక్ చేత సీసాలు చేయించాడు. మంచి సెంటును మంచి సీసాలో పెట్టి మధ్యతరగతికి అందే ధరకు అమ్మాలన్నది ఆయన సూత్రం. అదే వాసనను పౌడరులో, సబ్బులో కూడా పెట్టి అమ్మాడు. యుద్ధం ముగిసి ఇళ్లకు మళ్లే అమెరికా సైనికులు పారిస్ గుర్తుగా సెంటు సీసాలు వెంట తీసుకెళ్లారు. ఆ గిరాకీ కోటీని ప్రపంచంలోని పెద్ద ధనవంతుల్లో ఒకణ్ని చేసింది.

ఆ డబ్బుతో ఆయన చేసిన పనులన్నీ మెచ్చదగ్గవి కావు. 1922లో ‘ల ఫిగారో’ పత్రికను చేతిలోకి తెచ్చుకున్నాడు. తరవాత సొంతంగా చవక పత్రిక పెట్టి యూదుల మీద విషం చిమ్మించాడు. 1933లో సొలిడారితే ఫ్రాన్సేజ్ అనే ఫాసిస్టు తరహా దళాన్ని స్థాపించాడు. విడాకుల ఖర్చు, మాంద్యం కలిసి ఆస్తిని కరిగించాయి. 1934లో చనిపోయాడు. ఆయన ముక్కు గొప్పది, రాజకీయం నీచమైనది. పరిమళాల చరిత్ర రాసేవారు చాలామంది రెండో మాట దాటవేస్తారు. దాటవేయకూడదు.

ఇక ఈ వంశానికి వెన్నెముక అయిన ఓక్‌మాస్ దగ్గరకు వద్దాం. పేరులో నాచు అని ఉన్నా ఇది నాచు కాదు, లైకెన్. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి ఒకే ఒంటిగా బతికే జీవి. శాస్త్రీయనామం ఎవర్నియా ప్రునాస్ట్రి. ఓక్ కొమ్మల మీద బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, చిన్న దుప్పి కొమ్ముల్లా గుబురుగా పెరుగుతుంది. గాలి మురికిగా ఉన్నచోట పెరగదు. బాల్కన్ దేశాల అడవుల్లో, మొరాకోలో పల్లెవాళ్లు దీన్ని చేత్తో ఏరి మూటలు కట్టి పంపుతారు. ఏరినప్పుడు పెద్ద వాసనేమీ ఉండదు. ఎండి, నిలవై, తేమ తగిలి, లోపలి ఆమ్లాలు విడిపోయాకే పరిమళం పుడుతుంది. గ్రాస్ కార్ఖానాల్లో దాన్ని ద్రావకంతో, తరవాత ఆల్కహాల్‌తో తీస్తే చిక్కటి ముదురాకుపచ్చ ముద్ద వస్తుంది.

తెలుగు పాఠకుడికి ఈ వాసన పూర్తిగా కొత్తదేమీ కాదు. మన వంటింట్లో మసాలా డబ్బాలో ఉండే రాతిపువ్వు కూడా లైకెనే. అది పార్మోట్రీమా జాతిది. ఓక్‌మాస్‌దీ దానిదీ పార్మేలియేసీ అనే ఒకే కుటుంబం. సంస్కృత వైద్య గ్రంథాలు దీన్ని శైలేయం అంటాయి. కనౌజ్ అత్తర్లలో దీన్ని ఛరీలా పేరుతో వాడతారు. హైదరాబాదులో నిహారీకీ, కొందరు బిర్యానీకీ వాడే పోట్లీ మసాలా మూట విప్పి చూడండి. రాతిపువ్వు, వట్టివేరు, ఎండిన గులాబి రేకలు, గంధపు పొడి ఒకే గుడ్డలో కనిపిస్తాయి. బెర్గమోట్, లాబ్డనమ్ మినహాయిస్తే ఇది షీప్ర్‌కు బాగా దగ్గరి బంధువు. కోటీకి హైదరాబాదు వంటవాళ్ల సంగతి తెలిసి ఉండదు. వాళ్లకు కోటీ సంగతి అక్కర్లేదు. గులాబీ కింద లైకెన్ చేదు పడితే గులాబీకి గాంభీర్యం వస్తుందని మాత్రం రెండు చోట్లా కనిపెట్టారు.

పచౌలికీ హిందూదేశంతో సంబంధం ఉంది. 19వ శతాబ్దంలో యూరప్‌కు వెళ్లే కాశ్మీరు శాలువల మడతల్లో పురుగు పట్టకుండా ఈ ఆకులు పెట్టేవారు. అలా ఆ వాసన పారిస్ స్త్రీలకు శాలువతో పాటే పరిచయమైంది. ఆ వాసన లేని శాలువ నకిలీదని అనుమానించేదాకా వచ్చింది.

కోటీ వేసిన ఛందస్సులో మొదటి మహాకావ్యం రెండేళ్లకే వచ్చింది. 1919లో జాక్ గెర్లాన్ ‘మిత్సుకో’ చేశాడు. షీప్ర్ మూడు గణాలనూ అలాగే ఉంచి, మధ్యలో పండిన పీచ్ పండు వాసన పెట్టాడు. పీచ్ నుంచి అసలు నూనె తీయడం సాధ్యం కాదు. ఆ వాసన ఇచ్చింది గామా అండెకాలాక్టోన్ అనే కృత్రిమ పదార్థం. 1908లో రష్యన్ రసాయన శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వ్యాపారంలో దాన్ని ‘ఆల్డిహైడ్ సి-14’ అని అమ్మేవారు. అది ఆల్డిహైడూ కాదు, అందులో ఉన్నవి 14 కార్బన్లూ కావు, పదకొండే. ఆ చిన్న తీపి కోటీ షీప్ర్‌లోని కరుకుదనాన్ని తగ్గించింది, చేదును మాత్రం పోగొట్టలేదు. పేరు క్లోద్ ఫారేర్ నవల ‘లా బతాయ్’లోని జపాన్ నాయికది. 1905 నాటి రష్యా–జపాన్ యుద్ధం ఆ కథకు నేపథ్యం. సీసా కొత్తది చేయించలేదు. 1912 నాటి ‘లూర్ బ్లూ’ కోసం చేసిన, తలకిందుల హృదయం ఆకారపు బిరడా ఉన్న సీసానే దీనికీ వాడారు. వంద సంవత్సరాలు దాటినా మిత్సుకో అమ్మకంలో ఉంది. ఈ వంశంలో ఒక్కటే వాసన చూడగలిగితే అదే చూడాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దాని మధ్యలో ఉన్న పండు ఎప్పుడు మాయమైందో, నేల వాసన ఎప్పుడు మొదలైందో పట్టుకోవడం కష్టం. ఆ అతుకు కనిపించకపోవడమే పనితనం.

పండ్ల షీప్ర్ శాఖకు మిత్సుకో తల్లి. పాతికేళ్లకు దానికి తగిన వారసురాలు వచ్చింది. 1943, జర్మన్ల అధీనంలో ఉన్న పారిస్. తిండికి రేషను, సరుకులకు కరువు. ఎడ్మండ్ రూడ్నిట్‌స్కా అనే పరిమళకారుడు ఒక పక్క చెత్తకుప్ప, మరోపక్క రంగుల ఫ్యాక్టరీ ఉన్న కట్టడంలో కూర్చుని పనిచేశాడు. ఆ సంగతి తరవాత ఆయనే చెప్పాడు. అక్కడ పుట్టింది ‘ఫామ్’. దుస్తుల రూపకర్త మార్సెల్ రోషా భార్య ఎలెన్ కోసం, 1944లో. ఇందులో పీచ్ బదులు ఎండిన ప్లమ్ పండు, దాని చుట్టూ దాల్చినచెక్క, లవంగాల వెచ్చదనం. ఆకలి రోజుల్లో పుట్టిన సెంటు ఇంత నిండుగా, ఇంత పండిన వాసనతో ఉండటం యాదృచ్ఛికం అనిపించదు.

అదే 1944లో జెర్మేన్ సెల్లియే పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. పరిమళకారుల్లో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది ఉన్న కాలం. రసాయన శాస్త్రం చదువుకున్న ఆమె రోబెర్ పిగే కోసం ‘బాందీ’ చేసింది. ఐసోబ్యూటైల్ క్వినోలిన్ అనే పదార్థాన్ని మిగతావాళ్లు జంకుతూ జంకుతూ వాడేవారు. ఆమె ధారాళంగా పోసింది. అది పచ్చి తోలులా, కాలిన పొగాకులా ఘాటుగా ఉంటుంది. దాన్ని ఓక్‌మాస్ మీద నిలబెట్టి తోలు షీప్ర్‌ను తీర్చింది. ఆడవాళ్ల సెంటు అంటే మృదువుగా ఉండాలన్న నియమాన్ని ఇంత నిష్కర్షగా తోసిపుచ్చిన సెంటు అంతకు ముందు లేదు. తోలు శాఖలో తరవాత వచ్చిన బెర్నార్ షాన్ ఈ దారినే సాగి 1959లో గ్రే సంస్థకు ‘కబోషార్’ చేశాడు. 1966లో ఇంచుమించు అదే అస్థిపంజరాన్ని మగవాళ్లకు ‘అరామిస్’గా ఇచ్చాడు. ఒకే ఛందస్సులో ఒకటి ఆమెకు, ఒకటి అతనికి. సెంట్లకు ఆడ, మగ తేడా వాసనలో కంటే సీసాలో, ప్రకటనలో ఎక్కువ ఉందనడానికి ఈ జంట మంచి సాక్ష్యం.

మూడో శాఖ పచ్చనిది. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ తన మొదటి దుస్తుల ప్రదర్శన పెట్టాడు. యుద్ధకాలపు పొదుపు గుడ్డలు చూసి విసిగిన కళ్లకు గజాల కొద్దీ కుచ్చిళ్లున్న గౌన్లు కనబడ్డాయి. ఆ ఏడాదే ‘మిస్ డియోర్’ వచ్చింది. జాన్ కార్ల్, పోల్ వాషే కలిసి చేశారు. పైన గాల్బనమ్ అనే ఇరాన్ జిగురు. గిల్లిన పచ్చి కాడలా, పచ్చి బఠాణీ తొక్కలా దాని వాసన. దాని కింద పూలు, వాటి కింద చేదు లైకెన్. ఈ పేరు డియోర్ చెల్లెలు కాత్రీన్ మీదుగా వచ్చింది. నాజీలను ఎదిరించిన రహస్య దళంలో ఆమె పనిచేసింది. 1944లో పట్టుబడింది. రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి పంపారు. బతికి తిరిగొచ్చి పూల వ్యాపారం చేసుకుంది. అలాంటి మనిషి పేరున వెలిసిన సెంటు మెత్తగా, తీపిగా ఉండి ఉంటే అబద్ధంలా ఉండేది. 1947 మిస్ డియోర్ నిటారుగా ఉంటుంది.

1950 నుంచి 1980 దాకా ఈ వంశం బాగా విస్తరించింది. ఆ పేర్లన్నీ చెప్పనక్కర్లేదు. రెండు మాత్రం వదలలేం. రూడ్నిట్‌స్కా 1966లో డియోర్‌కు ‘ఓ సొవాజ్’ చేశాడు. ఫిర్మెనిష్ ప్రయోగశాలలో పుట్టిన హెడియోన్ అనే పదార్థం అందులో ఉంది. జాజి పువ్వులోని గాలిని మాత్రమే తీసి ఇచ్చినట్టుంటుంది. నిమ్మకూ లైకెన్‌కూ మధ్య అంత ఖాళీ జాగా ముందెవరూ చూపించలేదు. ఇక షాన్ 1971లో క్లినిక్ కోసం చేసిన ‘అరోమాటిక్స్ ఎలిక్సిర్’ దీనికి సరిగ్గా వ్యతిరేకం. పచౌలి, గులాబీ, ఓక్‌మాస్ దండిగా పోసిన సెంటు. లిఫ్టులోకి మనిషి కంటే ముందు అదే వస్తుంది. ఇంకా అమ్ముతున్నారు.

ఆ తరవాత చర్మవైద్యుల మాట వినిపించింది.

సెంటు పూసుకున్న చోట దద్దుర్లు, దురద వచ్చేవారిని పరీక్షిస్తే చాలామందికి ఓక్‌మాస్ సరిపడటం లేదని తేలుతూ వచ్చింది. కారణం లైకెన్‌లోని అట్రనోరిన్ వంటి పదార్థాలు విడిపోయినప్పుడు పుట్టే అట్రనాల్, క్లోరోఅట్రనాల్. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైనవారికి ఇవి పది లక్షల్లో కొద్ది భాగాలు ఉన్నా చాలు. యూరోపియన్ యూనియన్ 2003లో 26 అలర్జీ కారకాల పేర్లు సీసా పెట్టె మీద అచ్చువేయాలని ఆదేశించింది. అందులో ఓక్‌మాస్ ఒకటి. అంతర్జాతీయ పరిమళ సంఘం ఇఫ్రా, ఒంటికి పూసే సెంటులో ఓక్‌మాస్, దాని చుట్టమైన ట్రీమాస్ రెండూ కలిపి 0.1 శాతం దాటకూడదంది. 2017లో యూరప్ ఇంకో అడుగు వేసి అట్రనాల్, క్లోరోఅట్రనాల్‌లను నిషేధించింది. అవి ఉన్న కొత్త సరుకు 2019 ఆగస్టు 23 నుంచి మార్కెట్లోకి రాకూడదు. పాత సరుకు 2021 ఆగస్టు 23 నుంచి దుకాణాల్లో ఉండకూడదు.

ఒక శాతం, అంతకు మించి ఓక్‌మాస్ మీద నిలబడ్డ కట్టడాలకు ఇది పునాది తీసేయడమే. సంస్థలు మూడు దారులు పట్టాయి. ఓక్‌మాస్‌లోనే ఉండే ఒక ముఖ్య వాసన పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ఎవర్నిల్, వెరామాస్ అనే పేర్లతో అమ్ముతారు. దాన్ని వాడటం మొదటి దారి. వాసన శుభ్రంగా, పొడిగా ఉంటుంది, తడి మట్టి లోతు ఉండదు. అట్రనాల్‌ను మాత్రం తీసేసి మిగతా ఓక్‌మాస్‌ను వాడటం రెండోది. 2008లో గెర్లాన్‌లో చేరిన తియెరీ వాసే ఆ దారిలో మిత్సుకోను మళ్లీ నిలబెట్టడానికి ఏళ్ల తరబడి శ్రమించాడు. ఈమధ్య అమ్ముతున్న మిత్సుకో దాని ముందటి దశాబ్దపు మిత్సుకో కంటే మెరుగని పాత అభిమానులే ఒప్పుకుంటారు. మూడో దారి, ఓక్‌మాస్‌ను పూర్తిగా వదిలేసి పచౌలి నూనెలో కర్పూరపు ఘాటు తీసేసిన భాగాన్ని దాని స్థానంలో పెట్టడం. పక్కన తెల్లటి కస్తూరి వాసనలు, పైన తీపి పూలు. 2001 నాటి శానెల్ ‘కోకో మద్మాజెల్’, 2003 నాటి నార్సిసో రోడ్రిగెజ్ ‘ఫర్ హర్’ ఈ దారిలో వచ్చిన మంచి సెంట్లు. దుకాణాల్లో వీటిని కూడా ‘ఆధునిక షీప్ర్’ అంటారు.

అవి మంచివే. షీప్ర్‌లు మాత్రం కావు. గణాలు తప్పి, ప్రాస వదిలేశాక కూడా అందమైన వచనం ఉండవచ్చు. దాన్ని ఉత్పలమాల అని పిలవకూడదు. పులుపుకు ఎదురు నిలిచే చేదు లేకపోతే ఆ లాగులాట ఉండదు, అది లేనిదాన్ని ఈ పేరుతో పిలిస్తే కొత్తతరానికి ఈ వంశం ఎలా ఉండేదో తెలుసుకునే దారే మూసుకుపోతుంది.

పాత అభిమానులు కోపమంతా యూరప్ చట్టం మీద చూపుతారు. అది న్యాయం కాదు. పరిమళం కోసం ఒకరి చర్మం మండిపోనక్కర్లేదు. తప్పు వేరేచోట ఉంది. సెంటు లోపల మారింది, సీసా మారలేదు, పేరు మారలేదు, కొనేవారికి ఎవరూ చెప్పలేదు. రోషా వారి ‘ఫామ్’ను 1989లో ఒలివియే క్రెస్ప్ తిరగరాశాడు. జీలకర్ర వాసన పైకి తేలే వేరే సెంటు అయింది. పేరు అదే. 2005లో ‘మిస్ డియోర్ షెరీ’ అని ఒక తీపి సెంటు వచ్చింది. కొన్నేళ్లకు దాని పేరులో షెరీ తీసేసి దాన్నే ‘మిస్ డియోర్’ అన్నారు. 1947 నాటి అసలుదాన్ని ‘ఒరిజినల్’ అనే తోకతో పక్కకు జరిపారు. కాత్రీన్ పేరు పెట్టుకున్న సెంటు ఏదని ఇవాళ అడిగితే దుకాణంలో పిల్ల చూపించేది మరోదాన్ని. పుస్తకం మలి ముద్రణలో మార్పులు చేస్తే ఆ సంగతి అట్ట లోపల అచ్చవుతుంది. సెంటు పెట్టె మీద కూడా ఈ కూర్పు ఏ ఏడాదిదో వేయాలి. చట్టం అలర్జీ పేర్లు వేయించగలిగింది, ఈ ఒక్క అంకె వేయించడం కష్టం కాదు.

అసలు వాసనలు పూర్తిగా పోలేదు. 1990లో జాన్ కెర్లేయో మరికొందరు పరిమళకారులతో కలిసి వెర్సాయ్‌లో ‘ఓస్మోతెక్’ అనే పరిమళాల భాండాగారం స్థాపించారు. అంతరించిన సెంట్లను పాత సూత్రాల ప్రకారం మళ్లీ కలిపి, ఆర్గాన్ వాయువు నింపిన సీసాల్లో, 12 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో దాస్తారు. అమ్మరు కనుక ఒంటికి పూసే సెంట్ల నిబంధనలు అడ్డురావు. 1917 నాటి కోటీ షీప్ర్ అక్కడ ఉంది. పారిస్ వెళ్లే మనవాళ్లు వెర్సాయ్‌లో రాజభవనం చూసి తిరిగి వచ్చేస్తుంటారు. ఈసారి వెళ్లేవారు ఓస్మోతెక్ ప్రసంగ సభకు ముందుగా చోటు అడిగి పెట్టుకోండి. కాగితపు పట్టీ మీద ఆ షీప్ర్‌ను అడగండి, తరవాత పట్టీని జేబులో పెట్టుకుని మర్నాడు ఉదయం కూడా వాసన చూడండి.

వచ్చే భాగంలో అంబర్ కుటుంబం.